రెండో దెబ్బ

కారు దగ్గరికి రాకముందే ఐలయ్య చెయ్యి గేటు కడ్డీ మీదికి వెళ్తుంది. కొండాపూర్‌లోని ఆ అపార్టుమెంట్ల దగ్గర కొన్నేళ్లుగా అతని పని ఇదే: కడ్డీ లేపడం, సలాం కొట్టడం, దించడం. యాభై దాటిన మనిషి. యూనిఫాం చొక్కా భుజాల దగ్గర వదులు, పొట్ట దగ్గర బిగుతు. తక్కిన వాచ్‌మన్లు లాఠీ తిప్పుతూ తిరిగితే అతను వీధికుక్కను కూడా నోటితోనే అదిలించేవాడు. పిరికివాడని వెనక నవ్వుకునేవారు.

ఆ ఉదయం ఆ నవ్వులు ఆగిపోయాయి. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి గిరీష్ కొత్త లాఠీ పట్టుకొచ్చాడు. అనంతపురం మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఐలయ్య ఒకప్పుడు పెళ్లాన్ని కాపాడుకోవడానికి మనిషిని చంపాడనీ, కోర్టు విడిచిపెట్టిందనీ ఎవరి నోటో విన్నాడు.

"నీలాంటోడు గేటుకాడుంటే మా పిల్లోల్లకి భయమేముంది పెద్దాయనా? సాయంత్రం మీటింగులో నీకు శాలువా కప్పుతాం" అన్నాడు.

ఐలయ్యకు తల కొట్టేసినట్టయింది. అయినా చెయ్యి చాచాడు. లాఠీ తీసుకున్నాడు.

వాచ్‌మన్ కాకముందు, ఖాజాగూడ గుట్టల పక్కన బిల్డింగు పని చేసేటప్పటి మాట. రేకుల షెడ్డులో అతని భార్య ఈరమ్మ ఒక్కతే ఉందని చూసి, తోటి కూలీ బుచ్చయ్య తాగొచ్చి మీద పడ్డాడు. అరవబోతే గొంతు నొక్కాడు. ఐలయ్య వచ్చేసరికి ఆమె కళ్లు తేలేసింది. చేతికందిన పార ఎత్తి కొట్టాడు. బుచ్చయ్య పక్కకు పడిపోయాడు, ఈరమ్మకు ఊపిరందింది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. వాడు లేవలేక, నీళ్లు కావాలని అడిగాడు. ఐలయ్య మళ్లీ పార ఎత్తాడు.

భార్య ప్రాణం కాపాడుకోవడానికే కొట్టాడన్నారు జడ్జిగారు. ఊరూ అదే అంది. రెండో దెబ్బ సంగతి ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. కళ్లారా చూసిన ఈరమ్మ కూడా ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

లాఠీ చేతికొచ్చిన ఆ రోజే పెత్రమాస. చనిపోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజు. మధ్యాహ్నం ఇద్దరూ చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టుకుని గుడి దగ్గరికి వెళ్లారు. ఐలయ్య తండ్రి పేరు చెప్పాడు, తల్లి పేరు చెప్పాడు. ఏటా అక్కడితో లేచేవాడు, ఈసారి లేవలేదు. బుచ్చయ్య అని మరో పేరు చెప్పాడు.

"నీకేమైతడు?" అడిగారు అయ్యగారు.

వాడు తనకేమవుతాడు? ఐలయ్య సిగ్గుతో చచ్చిపోతూ చాటలోని గింజలు వేళ్లతో సర్దాడు.

"మా చేతులనే పోయిండు అయ్యగారూ" అంది ఈరమ్మ. "పొయ్యేటప్పుడు నీళ్లడిగిండు. మేమియ్యలే."

మేము అంది. తనది కాని తప్పులో తనూ పాలు పంచుకుంది. అయ్యగారు ఐలయ్య చేతిలో నువ్వులు వేసి నీళ్లు పోశారు. వేళ్ల మీదుగా అవి జారిపోతుంటే అతనికి ఏడుపొచ్చింది.

సాయంత్రం మీటింగులో, శాలువా మడత విప్పుతున్న గిరీష్ ముందు ఐలయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, వాడు ఒక్క దెబ్బకే పడిపోయిండు. నీళ్లు అడుగుతుంటే ఇంకోటి కొట్టిన."

గిరీష్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక శాలువా పట్టుకున్న చేతులు కిందికి దిగాయి. రేపటి నుంచి పనిలోకి రానని ఐలయ్యే చెప్పాడు. ఉండమని ఎవరూ అనలేదు. గేటు బయట ఈరమ్మ కాచుకుని ఉంది. ఇద్దరూ బస్టాపు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయారు.

గేటు గదిలో, అతని టోపీ తగిలించిన మేకు కింద, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని కొత్త లాఠీ గోడకు ఆనించి ఉంది.