తెల్లటి గులకరాళ్ళ మీద

ఏప్రిల్ రెండో శనివారం వీరాంజనేయులు గారు నన్ను కారులో ఏటికి తీసుకెళ్ళారు. ఇంగ్లండులో మేముండే లీడ్స్ నుంచి గంట ప్రయాణం. ఆయనది గుంటూరు వైపు, రిటైరైన డాక్టరు. ఇంటి బయట నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కరే. మా అమ్మాయి ప్రణీతది ఆసుపత్రిలో షిఫ్టుల ఉద్యోగం. నేను లేచేసరికి వెళ్ళిపోతుంది, వచ్చేసరికి అలసిపోయి ఉంటుంది. నా భార్య కళావతి పోయాక ఫ్లాట్‌లో నా దగ్గు నాకే వినపడుతుంది.

ఆ ఏటి మీద చేపలు పట్టే క్లబ్బులో ఒక చోటు ఖాళీ అయింది. ఏటిని కాసే కీపర్ బారీ ఒక పూట నన్ను చూసి సరేనంటే సభ్యత్వం వస్తుంది. ఏడాదంతా అక్కడికి రావచ్చు. నాకు కావలసింది అదొక్కటే.

వీరాంజనేయులు సారు ఎరగా ఈకలతో కట్టిన ఈగబొమ్మను నా గాలం దారానికి ముడివేశారు. గాలం కర్ర ఊపి విసిరాను.

"ఎడ్లు తోలుతున్నావా, ట్రౌట్ చేపలు పడుతున్నావా?"

"మా దిక్కు ఒడ్డుమీద నిలబడి పట్టుడు లేదు సారూ."

"అవునవును. మీరు నీళ్ళలో దిగి చెవి పట్టుకుని తెస్తారు."

నవ్వి, కాఫీ ఫ్లాస్కు కోసం కారు దగ్గరకు వెళ్ళారు.

మేము బెస్తవాళ్ళం. మట్టినీళ్ళలో దిగి, అరికాళ్ళతో వెతికి, తగిలిన చేపను చేత్తో అదిమి పడతాం. కాలు ముందు, కన్ను తర్వాత. అద్దంలాంటి ఈ నీళ్ళలోనూ నా కాళ్ళు ఆగలేదు. మోకాలిలోతులో పది అడుగులు నడిచాక చూశాను. గులకరాళ్ళ మీద జతలు జతలుగా చేపలు. ట్రౌట్ కాదు, గ్రేలింగ్‌లు. మగది వీపు మీది పెద్ద రెక్కను విప్పి ఆడదాని మీద కప్పుతోంది. ఇవి ఈ నెలలోనే గుడ్లు పెడతాయనీ, తెల్లటి గులకల మీద అడుగు వేయొద్దనీ సారు దారిలో రెండుసార్లు చెప్పారు. నేనున్నది వాటి నడుమ.

అడుగు వెనక్కి వేస్తే మళ్ళీ గుడ్ల మీదే. కదలకుండా నిలబడ్డాను. చెదిరిన చేపలు తిరిగి వచ్చి నా కాళ్ళ చుట్టూనే వాటి పని మొదలుపెట్టాయి. కాళ్ళు మొద్దుబారాక, గులకలు లేని లోతు వైపుకు జరిగి, ఛాతీ దాకా తడిసి, కింది మలుపు దగ్గర ఒడ్డెక్కాను.

సారు అప్పటికే అక్కడ ఉన్నారు. "బారీ చూళ్ళేదు. నువ్వు కాలుజారి పడ్డావు. అంతే."

బారీ వచ్చాడు. ఫారం చేతిలో పట్టుకుని పెన్ను వెతుక్కుంటూ, నా తడిబట్టలు చూసి ఏదో అడిగాడు. పడ్డాడని సారు ఇంగ్లీషులో చెప్పారు.

నేను చెయ్యి చాపి ఆ చోటు చూపించాను. "మై లెగ్స్. ఎగ్స్. నాట్ ఫాల్."

బారీ అటు చాలాసేపు చూశాడు. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ ఏడు కుదరదన్నాడు. గొంతు కూడా పెంచలేదు. గుడ్లు ఎన్నాళ్ళకు పిల్లలవుతాయని సారు చేత అడిగించాను. మూడు వారాలన్నాడు.

కారు లీడ్స్ దగ్గరపడ్డాక సారు అన్నారు: "మూడేళ్ళుగా చూస్తున్నా, నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయన్నట్టుంటావు. ఇవాళే తెరవాలా?"

"తొక్కింది నేనే గద సారూ."

తర్వాతి శనివారం ఆయన ఒక్కరే వెళ్ళారు. ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

మూడు వారాలు నిండాక, మే మొదట్లో రెండు బస్సులు మారి ఏటికి వెళ్ళాను. వంతెన మీద నిలబడడానికి సభ్యత్వం అక్కర్లేదు. కింద తెల్లటి గులకల మీద నీళ్ళు పోతున్నాయి. నేను తొక్కిన మేర ఏదో, తొక్కనిది ఏదో తెలియలేదు. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. అక్కడే నిలబడ్డాను.