కారణాలున్న మనిషి

చేవెళ్లలో అత్తగారింటి వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ముందు గదిలోంచి ప్రణవ్ గొంతు వినపడింది.

"మనిషి చేతుల్ల ఏం లేదు బాపు. కోపమొచ్చినా, ఏమొచ్చినా, దానికి ముందుగాల్నే ఒక కారణముంటది. మెదడు చేస్తది, మనం చేసినమనుకుంటం."

నా మొగుడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఈ ముక్క ఎక్కడ చదివాడో గానీ ఇక ఆయనకు పండగే. కంచం విసిరేస్తే ఆఫీసులో టెన్షన్. నన్ను కొడితే, చిన్నప్పుడు వాళ్ల బాపు కొట్టినందుకు. నేను పప్పు మాడిస్తే మాత్రం "కావాల్ననే మాడవెట్టినవ్" అంటాడు. ఆయన తప్పులకు కారణాలుంటాయి, నా తప్పులకు నేనొక్కదాన్నే ఉంటాను. అంతా ముందే తేలిపోయిందనే ఈ మనిషి ప్రమోషన్ కోసం చిల్కూరు గుడి చుట్టూ ఎందుకు తిరిగాడో!

మొన్న వేసవిదాకా నేను మొయినాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. ఒకరోజు బస్సు దొరక్క ఇంటికి ఆలస్యంగా వచ్చాను. ఆ కోపంలో ప్రణవ్ నా మెయిల్ తెరిచి, నా పేరు మీద రాజీనామా పంపేశాడు. పోయి బతిమాలుకుంటే, మీ ఇంటి గొడవలు మాకెందుకమ్మా అన్నారు కాలేజీవాళ్లు. "గా నిమిషంల నా చేతుల్ల లేకుండె ఉషా" అన్నాడు ఈయన. "మగోడన్నంక కోపముండదా, జర సర్దుకో బిడ్డా" అంది అత్తమ్మ. నేను సర్దుకోలేదు. మనసులో పెట్టుకున్నాను.

వారమంతా ఏం పనిచేశాడో ఆఫీసుకు చెప్పే టైమ్‌షీట్ నింపడం నా పనే. ఆ విసుగు ఆయన పడలేడు. అందుకే పాస్‌వర్డ్ నాకిచ్చాడు. భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "జర నింపు" అని వెళ్లి కూర్చున్నాడు.

నింపాను. ఆ తర్వాత మేనేజర్‌కు ప్రణవ్ పేరు మీద రాజీనామా రాశాను. రోజూ అన్నం దగ్గర ఈయన ఆ మేనేజర్‌ను తిట్టే తిట్లన్నీ మంచి ఇంగ్లీషులో కూర్చాను. చెరిపేస్తే ఎవరికీ తెలియదు. కాసేపు చెయ్యి ఆపుకుని చూశాను. ఆ తర్వాత పంపేశాను. హాయిగా అనిపించింది.

ముందు గదిలోకి వెళ్లి చెప్పాను. ప్రణవ్ పరుగున వచ్చి ల్యాప్‌టాప్ చూశాడు. నా మీద చెయ్యెత్తాడు. "ఏయ్!" అన్నాడు మామయ్య. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అది ఆగగలదని ఇన్నేళ్లకు తెలిసింది నాకు.

అత్తమ్మ నా భుజం పట్టుకుని ఊపింది. "నీ ఉద్యోగం పోయిన రంధిల సోయి తప్పి చేసినట్టున్నవ్ బిడ్డా. గట్లనే చెప్పు, వాడు మాఫ్ చేస్తడు."

మంచి కారణమే. ప్రణవ్ కూడా దానికోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు.

"లేదత్తమ్మా, సోయిలుండే చేసిన. ఆపాల్నంటే ఆపేదాన్ని. ఆపలే."