పడవకు ఆడవాళ్ళ భుజం

గంగాదేవి నోటికి గుడివాడ చేపల మార్కెట్టులో బేరమాడేవాళ్ళే జడుస్తారు. అలాంటి మనిషి ఆ సాయంత్రం కులపెద్దల ముందు నోరు మెదపకుండా నిలబడింది. తప్పు చేసింది ఆమె కూతురని ఊరంతా అంటోంది మరి.

వాళ్ళది బందరు దాటాక సముద్రం ఒడ్డునున్న పల్లె. కూతురు మాధవీలత యూనివర్సిటీలో బొమ్మల చదువు చదువుతోంది, చివరి ఏడాది. బొమ్మలకి కూడా డిగ్రీ ఇస్తారా అని నవ్వినవాళ్ళకి, మీవాడు బీటెక్ చేసి సెల్‌ఫోన్ల కొట్లో కూర్చోలేదా, వాడికీ ఇచ్చారుగా అని గంగాదేవి అక్కడికక్కడే తిప్పికొట్టేది. అంతవరకూ బాగానే గడిచింది. ఈసారి పిల్ల ఇంటికొచ్చినప్పుడు ఎవరో దాని ఫోనులో ఒక బొమ్మ చూసి, తమ ఫోనుకు పంపుకుని, ఊరందరికీ పంచిపెట్టారు. అది పెన్సిలుతో వేసిన బొమ్మ. నడివయసు ఆడమనిషి ఒంటిమీద నూలుపోగు లేకుండా, మనవైపు వీపు పెట్టి కూర్చుని ఉంది.

ఇంకేం, గంగమ్మ గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. ఆ ఊళ్ళో పోలీసుల మాట తర్వాత, ముందు పెద్దల మాట. అందరికీ పెద్ద నాగబాబు, గంగాదేవికి వరసకు అన్న. ఉక్కగా ఉందని చొక్కాలు విప్పి భుజాన వేసుకుని, లుంగీలు మోకాళ్ళ పైకి మడిచి, పెద్దమనుషులంతా ఒంటిమీద బట్ట ఎంత ముఖ్యమో మాట్లాడారు.

మాధవి బుకాయించలేదు. బొమ్మ తనే వేశానంది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేయడం తమ చదువులో భాగమని, ఆమె కూలి తీసుకుని ఇష్టపడే కూర్చుందని, ఎముక ఎక్కడుందో, బరువు ఎక్కడ పడుతుందో తెలియకపోతే చీర కట్టిన మనిషిని కూడా వేయలేమని నెమ్మదిగా చెప్పింది. గోడకు చెప్పినా ఒకటే. ఇవాళ్టితో చదువు మానేసి, గుడి ముందు సాష్టాంగపడి తప్పయిందని చెప్పమన్నాడు నాగబాబు.

"తప్పు చెయ్యలేదు మావయ్యా. చెయ్యని తప్పుకి దణ్ణం పెట్టను," అంది మాధవి.

గంగాదేవి గుండె ఝల్లుమంది. అందులో సగం భయమైతే సగం గర్వం.

తీర్పు వచ్చేసింది. ఆ పిల్ల చదువు మానేదాకా ఊళ్ళో ఏ మగాడూ వెంకటపతి పడవకు భుజం పట్టకూడదు. వెంకటపతి అంటే గంగాదేవి మొగుడు. ఆ ఒడ్డున రేవు లేదు. ఇసుకలో ఉన్న పడవను మనుషులే భుజాలు ఆనించి నీళ్ళలోకి తోయాలి. ఇవాళ నీ పడవకు నేను, రేపు నా పడవకు నువ్వు. భుజం ఆపితే పొయ్యి ఆపినట్టే. అందులోనూ వేట నిషేధం అప్పుడే తీరి, ఊరంతా చేప మొహం చూస్తున్న రోజులు. ఆడవాళ్ళ సంగతి తీర్పులో చేర్చాలని ఎవరికీ తోచలేదు. పడవను ఆడది ముట్టుకోకూడదన్నది తాతలనాటి కట్టుబాటు. ముట్టుకుంటే గంగమ్మ అలుగుతుందట. గంగమ్మ మాత్రం ఆడది కాదేమో!

వెంకటపతికి అలల మీదున్న ధైర్యం పెద్దల ముందు ఉండదు. ఇంటికొచ్చాక, ఒక్క దణ్ణమేగా, పెట్టేస్తే పోలా అని గొణిగాడు. చదువు ముగిసేముందు కాలేజీలో పెట్టే మాధవి బొమ్మల ప్రదర్శన ఆ వారంలోనే ఉంది. అందులో ఆ బొమ్మ పెట్టాలి. వెళ్ళనా, మాననా అని తల్లిని అడిగింది.

గంగాదేవి ఫోను తీసుకుని బొమ్మను మొదటిసారి సరిగ్గా చూసింది. ముందు సిగ్గేసింది. తర్వాత చూపు భుజాల మీద ఆగింది. ఒకటి కిందికి దిగి ఉంది. ఎవరీవిడ అని అడిగితే, ఇటుకలు మోసేదని చెప్పింది మాధవి. గంగాదేవికి ఒళ్ళు మండింది. బరువులు మోసిన వీపును చూసి సిగ్గుపడాలా?

"వెళ్ళు. ఎవడికన్నా దణ్ణం పెట్టావంటే నీ కాళ్ళు నేనే విరగ్గొడతా."

మర్నాడు పొద్దున్నే పోటు మీద పడవలన్నీ దిగుతున్నాయి. వెంకటపతి తన పడవ పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. గంగాదేవి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వచ్చి పడవకు భుజం ఆనించింది. మాధవి బస్సుకని సర్దుకున్న బ్యాగు ఇసుకలో పడేసి రెండోపక్క పట్టింది. వెంకటపతి ఏదో అనబోయి, పెళ్ళాం మొహం చూసి, తనూ వంగాడు. ముగ్గురూ తోశారు. పడవ ఉలకలేదు. అవతల మగాళ్ళు నవ్వారు. మళ్ళీ తోశారు, మళ్ళీ నవ్వారు.

గుడివాడ ఆటో కోసం నిన్నటి చేపల తట్టతో వచ్చిన సుగుణ అక్కడే ఆగిపోయింది. సుగుణ నాగబాబు పెళ్ళాం. తట్ట దించి, పడవ దగ్గరికి నడిచింది. నాగబాబు గట్టిగా పిలిచాడు. ఆమె భుజం ఆనించాకే వెనక్కి తిరిగింది.

"మగాళ్ళు పట్టకూడదన్నావు, ఆడవాళ్ళనలేదుగా? మన పిల్ల పూర్ణిమ నర్సింగు చదువుతోంది. రేపు మగరోగికి ఒళ్ళు తుడుస్తది. ఎవడో ఫొటో తీసి పంపితే దాన్నీ మానిపిస్తావా?"

ఆటో కోసం నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకామె తట్ట దించింది. ఆ వెనక మిగతావాళ్ళూ దించారు. పడవ ఒక్కసారి కిర్రుమని, కదిలి, తడి ఇసుక మీదికి జారి, అలలో పడి తేలింది.

వెంకటపతి ఎక్కి ఇంజను దగ్గర కూర్చున్నాడు. రోజూ తనతో వేటకొచ్చే కుర్రాళ్ళు పెద్దలకి జడిసి తలలు దించుకుని ఒడ్డునే ఉండిపోయారు. వల వదలడానికి రెండో మనిషి కావాలి. గంగాదేవి పడవ అంచు పట్టుకుని ఎక్కేసింది. పుట్టి బుద్ధెరిగాక చేపలమ్మడమే గానీ, పడవెక్కడం ఇదే మొదలు. అలకు పడవ ఊగింది. తూలినట్టు ఒడ్డున ఎవరికీ కనబడకుండా గట్టిగా నిలదొక్కుకుంది.

"నువ్వు బస్సెక్కు. బొమ్మ అందరికీ కనబడేచోట పెట్టు," అంది కూతురితో.

తర్వాత నాగబాబు వైపు తిరిగింది.

"అన్నయ్యా, సాయంత్రం పడవ ఒడ్డుకి లాగటానికి కూడా మేమే వస్తాం. నువ్వు నీడన కూర్చో."