దుప్పటి కింద పాదాలు

మాంట్రియాల్ ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా మెదడు స్కాన్లు తీస్తున్నాను. తప్పు చేయనని నాకు కాస్త పొగరు. ఒనేజిమ్ దాన్ని ఒక్క పూటలో దించేశాడు.

ఆయన జోలియెట్ దగ్గరి పల్లెలో పెళ్లిళ్లకు ఫిడేలు వాయిస్తాడు. అరవై రెండేళ్లు. మెదడులో ఎడమచేతి వేళ్లను నడిపించే చోటే కణితి. ఏళ్ల తరబడి మెల్లగా పెరిగింది. అయినా వేళ్లు చక్కగా ఆడుతున్నాయి. అంటే ఆ పని వేరే చోటికి మారి ఉండాలి. ఎక్కడికో తెలిస్తేనే డాక్టర్ బెలాంజే కత్తి పట్టేది. తెలియకుండా కోస్తే ఒనేజిమ్ ఫిడేలు మూలన పడ్డట్టే.

వేళ్లను ఒక్కొక్కటిగా బొటనవేలికి తాకించమన్నాను. తెర మీద నడినెత్తి దగ్గర వెలుగు కనిపించింది. కణితికి చాలా దూరం. సంతోషం పట్టలేక ఆయన భార్య జినెట్‌కు చూపించాను. ఆవిడ తెర వంక చూడనేలేదు. అద్దాల కిటికీలోంచి మిషన్లో ఉన్న మొగుణ్ణే చూస్తోంది.

"నీ మిషను అలా దరువేస్తుంటే మా ఆయన కాళ్లు ఊరుకుంటాయా, అమ్మాయ్? ఆ దుప్పటి చూడు."

దుప్పటి కింద రెండు పాదాలూ తాళం వేస్తున్నాయి. మా జోలియెట్ వైపు ఫిడేలు పట్టినవాళ్లంతా కూర్చుని కాళ్లతో తాళం వేస్తారు. మా తాతా అంతే. అది తెలిసీ నేను కాళ్ల చోటును చూసి వేళ్లవనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కాళ్లు కదపొద్దంటే ఆయన వేళ్లు కూడా తడబడ్డాయి. చివరికి జినెట్, మిషన్లో అయస్కాంతం ఉంటుందని ఉంగరం, చెవిపోగులు తీసేసి లోపలికెళ్లి మొగుడి చీలమండలు పట్టుకుంది. నలభై ఏళ్లుగా ఆపలేనిది ఇవాళ ఆపుతున్నానని గొణిగింది. ఈసారి వెలుగు రెండు చోట్ల వచ్చింది: మెదడు అవతలి సగంలో కొంచెం, కణితి వెనక అంచున సన్నగా. ఆ అంచే భయం. అక్కడ కొంత వదిలేసి మిగతాది తీస్తానన్నారు డాక్టర్.

కోస్తున్నంతసేపూ వేళ్లు ఆడుతున్నాయో లేదో చూసేందుకు ఆపరేషన్లో ఒనేజిమ్‌ను మెలకువగానే ఉంచారు. నన్నూ రమ్మన్నారు. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. కత్తి కణితి వెనక అంచును సమీపించగానే ఆగిపోయాయి. డాక్టర్ చెయ్యి వెనక్కి తీసుకుని, కదపమని అడిగారు. కదల్లేదు. మళ్లీ అడిగారు. లేదు. అందరూ ఆ చేతినే చూస్తున్నారు.

"తాళం వేయండి, ఒనేజిమ్ గారూ," అన్నాను. "మెల్లగా, కాళ్లతో."

డాక్టర్ నా వంక గుర్రుగా చూశారు. దుప్పటి కింద పాదాలు మొదలుపెట్టాయి. కుడి, ఎడమ, కుడి. నాలుగో దెబ్బకు చిటికెనవేలు వెళ్లి బొటనవేలిని తాకింది.

డాక్టర్ కత్తి పక్కన పెట్టి, ఆ అంచును అలాగే వదిలేద్దాం, ఇక చాలన్నారు.