పొద్దుమీకి అంటే

దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు అమ్ముకునే నాకు తెలియని నోటిఫికేషన్ లేదు. ఏ డిగ్రీ ఉంటే ఏ పరీక్షకు కూర్చోవచ్చో, ఏ గైడు కొనాలో కొట్టు ముందు నిలబడ్డ ఎవరికైనా టకటకా చెప్పేస్తాను. అలాంటిది నా కూతురు సింధు ఏ లా కాలేజీలో చేరాలో మాత్రం వారం రోజులుగా తేల్చలేక నలిగిపోయాను.

సింధుకు బీకాం అయింది. లాసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ప్రభుత్వం తరఫున కోర్టులో వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలని దాని పట్టుదల. ఎల్బీనగర్ కోర్టుకు దగ్గరున్న కాలేజీ చాలంటుంది. నేను విశాఖపట్నం అంటాను. అది 2011, రోజుకో బందు, పూటకో ర్యాలీ. రేపు రాష్ట్రం విడిపోతే తణుకు నుంచి వచ్చిన ఈ త్రినాథరావు కూతురికి ఇక్కడ సర్కారు ఉద్యోగం ఎవరిస్తారని నా భయం. ఇంట్లో మాత్రం భయమని ఒప్పుకోలేదు, భవిష్యత్తు అన్నాను. కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి గడువు ఇంకొక్క రోజే ఉంది.

నాకో పాడు అలవాటుంది. ఏదైనా సరే, స్వయంగా వెళ్లి చూసి, అడిగి తెలుసుకుంటే తప్ప నిద్ర పట్టదు. ప్రాసిక్యూటర్లు అసలు ఏ కాలేజీల్లో చదివి వస్తారో వాళ్లనే అడిగేద్దామని సింధును స్కూటరెక్కించుకుని ఎల్బీనగర్ బయల్దేరాను. అక్కడ నోరు విప్పవద్దనీ, మన మాట తీరు వినగానే పట్టేస్తారనీ, అంతా నేను చూసుకుంటాననీ దారి పొడుగునా చెప్పాను.

కోర్టు గేటు దగ్గర లాయర్లు విధులు బహిష్కరించి, టెంటు వేసుకుని తెలంగాణ కోసం దీక్షలో కూర్చున్నారు. లోపల నరమానవుడు లేడు. వెనక్కి తిరిగేవాణ్ణే. కానీ ప్రత్యేక రాష్ట్రం కోసం పస్తులుంటున్న లాయరు నా కూతురికి ఏం సలహా ఇస్తాడో వినాలన్న కుతూహలం కాళ్లను అటే లాగింది. ముందు వరసలో మెడలో బంతిపూల దండతో కూర్చున్న పెద్దాయన పేరు గజేందర్ అనీ, ప్రాసిక్యూటరుగా రిటైరై సొంతంగా ప్రాక్టీసు చేస్తున్నాడనీ పక్కవాళ్లు చెప్పారు.

"నమస్తే అన్నా, గీ పిల్లకు జర లా కాలేజీ చెప్పాలండి" అన్నాను.

ఆ చివరి 'అండి' నా కొంప ముంచింది. టెంటంతా నవ్వింది. గజేందర్ మాత్రం నవ్వకుండా మాది ఏ ఊరో, పిల్ల ఎక్కడ చదివిందో అడిగాడు. తణుకని ఒప్పుకున్నాను. నేను వచ్చి పాతికేళ్లయిందనీ, పిల్ల ఒకటో తరగతి నుంచీ ఇక్కడే చదివిందనీ, విశాఖలో చేర్పిద్దామనుకుంటున్నాననీ చెప్పాను.

"విశాఖల ఈమె నాన్‌లోకల్ అయితది సార్. ఇక్కడనే లోకల్" అన్నాడాయన.

సీట్లలో ఎక్కువ భాగం ఆ ప్రాంతంలో చదివిన పిల్లలకేనని కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకూ వివరించేది నేనే. నా కూతురి దగ్గరికి వచ్చేసరికి లోకల్ అంటే తండ్రి పుట్టిన ఊరని అనుకుంటూ కూర్చున్నాను. ఇంత తెలివితక్కువవాణ్ణా అని సిగ్గేసింది.

అయినా అడగాల్సింది అడిగాను, ఏ కాలేజీలో చదివితే మంచి ప్రాసిక్యూటరవుతారని. ఆయన కాలేజీ సంగతి పక్కన పెట్టి ఒక కేసు చెప్పాడు. తుర్కయంజాల్‌లో సుక్కమ్మ అనే ఆమె తన తమ్ముణ్ణి కొట్టినవాణ్ణి కళ్లారా చూసింది. ఎప్పుడు చూశావని కోర్టులో అడిగితే 'పొద్దుమీకి' అంది.

"పొద్దుమీకి అంటే ఏంది సార్, చెప్పుర్రి" అని నన్ను అడిగాడు.

"పొద్దున్నే కదండీ" అన్నాను.

ఈసారి టెంటులో ఎవరూ నవ్వలేదు. ఆ కేసు చూసిన ప్రాసిక్యూటరు కూడా అలాగే అనుకున్నాడట. ఆ రోజు పొద్దున నిందితుడు అబ్దుల్లాపూర్‌మెట్‌లో పెళ్లిలో ఉన్నాడని పదిమంది వచ్చి చెప్పారు. వాడు దర్జాగా ఇంటికి పోయాడు. సుక్కమ్మ అబద్ధాలకోరుగా మిగిలింది.

అప్పుడు నా వెనకనుంచి సింధు ముందుకొచ్చింది.

"పొద్దుమీకి అంటే పొద్దు గూకే యాళ్ల గద సార్. బర్లు ఇంటికొచ్చినయా, దీపం పెట్టినవా అని ఒక్క మాట అడిగితే అయిపోతుండె. గామెను ఎందుకు అడగలే?" అంది. దాని గొంతులో కోపం వినిపించింది.

గజేందర్ పక్కకు జరిగి, కూర్చోమని సింధుకు చోటిచ్చాడు. మూడేళ్ల చదువు తర్వాత కొన్నేళ్లు కోర్టులో నిలబడాలనీ, క్లాసు కాగానే నడిచి ఈ కోర్టుకు రాగలిగే కాలేజీ ఏదైనా మంచిదేననీ చెప్పాడు. సింధు ప్రశ్న మీద ప్రశ్న వేసింది. నేను అరగంట నిలబడి విన్నాను. ఇంట్లో "నాన్నా, మజ్జిగ పోయనా" అనే పిల్ల, ఇక్కడ నాకు సగమే అర్థమయ్యే తెలుగులో గలగలా మాట్లాడుతోంది. గర్వంగానూ ఉంది, ఉక్రోషంగానూ ఉంది.

కొత్తపేట దాటాక ఉండబట్టలేక స్కూటర్ పక్కకాపి, ఆ భాష ఎప్పుడు నేర్చుకున్నావని అడిగాను. నేర్చుకోలేదంది. బళ్లో, బస్సులో, స్నేహితురాలు వాణి వాళ్లింట్లో ఎప్పుడూ అలాగే మాట్లాడుతుందట.

"మరి ఇంట్లో ఒక్కసారైనా వినలేదేం?"

"మీరు భయపడతారని" అంది.

ఆ మాట నా గుండెలో దిగింది. ఇన్నేళ్లూ నేను దాచాననుకున్న భయం దానికి చిన్నప్పుడే తెలుసన్నమాట. నా కోసం గడప దగ్గర రోజూ మాట మార్చుకుని లోపలికి వచ్చిన పిల్లను, ఈ ఊరు దాటించాలని చూశాను.

ఇంటికి పోకుండా నేరుగా ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాం. మొదటి ఆప్షన్‌గా ఎల్బీనగర్ కాలేజీ పేరు నేనే చెప్పాను. తర్వాత ఏం పెట్టమంటారని సెంటర్ ఆయన అడిగాడు. నేను సింధు వైపు చూశాను.

"అన్నీ ఇక్కడియే పెట్టుర్రి" అని ఆయనకు చెప్పి, నా మొహంలోకి చూసింది. "మనం ఇంకేడికి పోతం నాన్నా?"