సురయ్యా సిత్తీ వీధి

జెద్దా పాతబస్తీని బలద్ అంటారు. ఆ ఇరుకు సందుల్లో సురయ్యా సిత్తీ ఇల్లు నాలుగంతస్తులది. సముద్రంలోంచి తవ్వి తెచ్చిన పగడపు రాళ్ళ గోడలు, వీధి మీదికి పొడుచుకొచ్చిన పెద్ద పెద్ద చెక్క కిటికీలు. వాటిని రోషన్ అంటారు. కిటికీ అనడమే గాని, మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు అందులో. చెక్క జాలీ వెనక కూర్చున్న ఆడవాళ్ళకు వీధంతా కనిపిస్తుంది, వీధిలోని వాళ్ళకు ఆడవాళ్ళు కనిపించరు. ఆ జాలీని మొదటిసారి చూసినప్పుడు బాలామణికి తన చేతి అల్లిక గుర్తొచ్చింది. ఆమెది నరసాపురం పక్క పల్లె. పెళ్ళికి ముందూ, మొగుడు పోయిన తర్వాతా లేసులు అల్లుకునే బతికింది.

ఆ ఇంట్లో పనిమనిషిగా ఆమె చెయ్యని చాకిరీ లేదు గాని, ఏళ్ళు గడిచేసరికి అసలు పని ఒక్కటే మిగిలింది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పుదీనా చాయ్ పక్కన పెట్టుకుని, రోషన్‌లో కూర్చుని, వీధిలో ఏం జరుగుతోందో సిత్తీకి చెప్పడం. సిత్తీ అంటే అక్కడి అరబ్బీలో నాయనమ్మ. ఇంటిల్లిపాదీ అలాగే పిలిచేవారు, బాలామణీ అలాగే పిలిచింది. నీటికాసులు వచ్చి సిత్తీకి చూపు పోయి చాలా ఏళ్ళయింది.

"ఎవరు పోతున్నారే?" అని అడుగుతుంది సిత్తీ.

బాలామణి చెబుతుంది. చెప్పేదంతా అబద్ధం.

అల్లాటప్పా అబద్ధం కాదది. ఖాళీ అయిపోయిన వీధి మొత్తాన్ని ఆమె ఒక్కతే నోటితో నడుపుతోంది. ఎప్పుడో మూతపడ్డ కొట్లకు రోజూ తాళాలు తీస్తుంది. ఊరు వదిలి పోయిన వాళ్ళను మసీదుకు పంపి, తిరిగి ఇంటికి చేరుస్తుంది. ఎవరికి మోకాళ్ళ నొప్పులో, ఎవరికి కోడలితో పడదో ఆమెకు తెలుసు. తెలియకేం, అన్నీ తను పుట్టించినవే కదా.

ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలంటే సద్దాం కువైట్ మీద పడిన ఏడాదికి వెళ్ళాలి. బాలామణి ఆ ఏడే వచ్చింది. అప్పటికి సిత్తీ కళ్ళు బాగానే ఉన్నాయి, వీధి కిటకిటలాడేది. ఎదురుగా యెమెనీ అబ్దుల్ వహాబ్ రొట్టెల అంగడి. పై నుంచి తాడుతో బుట్ట దించితే అతను వేడి రొట్టెలు వేసి, "పట్టుకో తల్లీ" అని పైకి చూడకుండా తాడు కదిలించేవాడు. యుద్ధం మాటల్లో యెమెన్ సర్కారు ఇటు వైపు నిలబడలేదని, ఇక్కడ రొట్టెలు కాల్చుకునే యెమెనీల మీద పడింది దెబ్బ. కఫీల్, అంటే పూచీపడే సౌదీ యజమాని, లేకుండా ఇన్నాళ్ళూ బతికిన వాళ్ళను కఫీల్‌నైనా చూసుకోండి, లేదా పొండి అన్నారు. అబ్దుల్ వహాబ్ పరుపులు చుట్టి ట్రక్కులో వేసుకుని వెళ్ళిపోయాడు. సిత్తీ రోషన్‌లోంచి అంతా చూసింది. ఆ తర్వాత చాలా రోజులు రొట్టె ముట్టలేదు. బాలామణి ఎంత బతిమాలినా ఖర్జూరాలూ నీళ్ళతోనే సరిపెట్టుకుంది. ముసలి ప్రాణం దక్కుతుందా అని ఇంట్లో అందరూ హడలిపోయారు.

జనవరిలో బాంబులు మొదలయ్యాయి. దమ్మాం నుంచి ఒక కూతురూ, రాస్ తనూరా నుంచి ఇంకో కూతురూ పిల్లల్ని వెంటేసుకుని పుట్టింటికి వచ్చేశారు. క్షిపణులు పడేది అటు తూర్పున, రియాద్ మీద. జెద్దా పదిలం. ఇల్లు కాలు పెట్టే చోటు లేకుండా నిండిపోయింది. నేల మీద పెద్ద గుడ్డ పరిచి అందరూ ఒక్కసారే తినేవాళ్ళు. బాలామణి చుట్టూ పిల్లలు కుప్పగా పడుకునేవాళ్ళు. చిన్నది ఒకతి ఆమె కొంగు వేలికి చుట్టుకుంటే గాని నిద్రపోయేది కాదు. యుద్ధం ఇంకొన్నాళ్ళు సాగితే బాగుండునని ఒకరోజు మనసులో అనుకుని, వెంటనే లెంపలేసుకుంది. కాని అనుకున్న మాట నిజమే. ఆమె బతుకులో అంత నిండుగా ఉన్న రోజులు ముందూ లేవు, తర్వాతా రాలేదు.

యుద్ధం అయిపోయింది, అందరూ వెళ్ళిపోయారు. తర్వాత పెద్దకొడుకు ఊరికి ఉత్తరాన ఒబ్హూర్ వైపు విల్లా కట్టుకుని, తల్లిని రమ్మన్నాడు. సిత్తీ రానంది. వీధిలో డబ్బున్నవాళ్ళు ఒక్కొక్కరే అలాగే ఉత్తరానికి జారుకున్నారు. వాళ్ళ ఇళ్ళు గదులు గదులుగా కూలివాళ్ళకు అద్దెకు పోయాయి. కొన్ని కాలిపోయాయి, కొన్ని కూలిపోయాయి. ఈలోగా సిత్తీ చూపు కూడా మసకబారి, ఆరిపోయింది.

వీధిలో అత్తరు కొట్టు నడిపే షేకు కుటుంబం ఇల్లు ఖాళీ చేసి సామాను దించుతున్న రోజున సిత్తీ చెవి రిక్కించి, "ఏంటా చప్పుడు?" అంది. బాలామణి నిజం చెప్పడానికే నోరు తెరిచింది. రొట్టె ముట్టని రోజులు గుర్తొచ్చాయి. "షేకు కొత్త బీరువా కొన్నాడు సిత్తీ, మెట్ల మీద ఇరుక్కుపోయింది" అంది. సిత్తీ నవ్వింది. అంతే, ఇక వెనక్కి రావడానికి దారి లేకపోయింది.

ఆ అబద్ధంలో సగం జాలి, సగం భయం. వీధి ఖాళీ అయిందని తెలిస్తే సిత్తీ ఇక్కడ ఉండదు. కొడుకు విల్లాలో ఇప్పటికే ఇద్దరు పనివాళ్ళున్నారు. తనకు పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి విమానం ఎక్కిస్తారు. ఎక్కి ఎక్కడికి పోవాలి? పిల్లలు లేరు, అమ్మానాన్నా పోయారు. ఉన్న ఒక్క చెల్లెలు ఫోన్లో "వచ్చెయ్యవే అక్కా" అంటుంది గాని, ఆ మాట వెనకే అల్లుడి ఇంట్లో తనే సర్దుకుంటున్నానని కూడా అంటుంది.

ఒకసారి మాత్రం నోరు జారి పీకల మీదికి తెచ్చుకుంది. కథ మరీ చప్పగా నడుస్తోందని అత్తరు షేకు మనవడికి పెళ్ళి చేసేసింది. సిత్తీ ఊరుకుంటుందా? బాదం మిఠాయి చేయించి, పెద్ద ఇత్తడి పళ్ళెంలో పెట్టించి, "వాళ్ళింట్లో ఇచ్చి రా" అంది. బాలామణి కిందికి దిగి మిఠాయంతా వీధి ఊడ్చే బంగ్లాదేశీలకు పంచింది. వాళ్ళు దువా చేసి తిన్నారు. తీరా చూస్తే చేతిలో ఖాళీ పళ్ళెం. పెళ్ళింటి నుంచి పళ్ళెం ఖాళీగా తిరిగి రాదు. అక్కడా రాదు, నరసాపురంలోనూ రాదు. ఏదో ఒకటి పెట్టి పంపాలి. ఆ కంగారులో ఇండియా కొట్టుకు పరిగెత్తి బెల్లమూ కొబ్బరీ కొని, గుట్టుగా వంటింట్లో కొబ్బరుండలు చేసి, "షేకు ఇంటివాళ్ళు పంపారు" అని తెచ్చి పెట్టింది. సిత్తీ ఒకటి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. "కొత్త కోడలి చెయ్యి బాగుంది" అంది. ఇంకోటి కూడా తీసుకుంది. బాలామణి గండం గడిచిందనుకుంది.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఆ పెళ్ళికొడుక్కి ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు. నిజం చెప్పాలంటే బాలామణి రోజు మొత్తం మీద గొంతు విప్పేది ఆ ఒక్క పూటే. కిందికి దిగితే ఎవరూ ఎరిగిన వాళ్ళు కారు. తెలుగు వినబడేది చెల్లెలి ఫోన్లోనే. సిత్తీ నిద్రపోయాక నాలుగంతస్తుల ఇంట్లో తన చెప్పుల చప్పుడు తనకే వినబడితే ఆమెకు దిగులు ముంచుకొచ్చేది. ఒక్కోసారి సిత్తీ లేకపోయినా రోషన్‌లో కూర్చుని, లేని మనుషులతో అరబ్బీలో మాట్లాడుకునేది.

అలాంటి వేళ ఆ వీధి మీద ప్రపంచం కన్ను పడింది. పాత జెద్దాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారని టీవీలో చెప్పారు. గోడకు నెంబరు పలక కొట్టారు. కొన్నాళ్ళకు పెద్దకొడుకు పంపాడని ఒక ఇంజనీరు కొలతల సామానుతో వచ్చాడు. పేరు హరనాథ్. మెట్లెక్కుతూ ఫోన్లో తెలుగులో మాట్లాడుతున్నాడు. బాలామణి ఎదురెళ్ళింది.

"తెలుగోరాండీ మీరు?"

"అవునమ్మా, విజయవాడ. మీరేంటి ఇక్కడ? ఈ స్ట్రీట్‌లో ఎవరూ లేరనుకున్నామే."

రోషన్‌లోంచి సిత్తీ, "ఎవరే అది?" అంది.

"ఇల్లు చూడ్డానికొచ్చిన ఇంజనీరు సిత్తీ, మా దేశంవాడు."

"అడుగు, మా వీధి ఎలా ఉందంటాడో."

బాలామణి ఇంజనీరు వైపు తిరిగింది. తెలుగులో మాత్రం మాట మార్చకుండా అడిగింది. "మా వీధి ఎలా ఉందంటున్నారండి పెద్దావిడ."

హరనాథ్ జాలీ సందులోంచి బయటికి చూశాడు. "ఏముందమ్మా, అపోజిట్ బిల్డింగ్ రూఫ్ కొలాప్స్ అయిపోయింది. దాని పక్కది ఫైర్‌లో పోయింది. కార్నర్‌లో అంతా లేబర్ రూములు. ఈ ఇల్లొక్కటే స్ట్రాంగ్‌గా ఉంది. రిస్టోరేషన్ స్టార్ట్ చెయ్యాలంటే టోటల్ వెకేట్ చెయ్యాలి. ఇక ఇది మీ మేడమ్ ఇల్లు ఒక్కటే కాదు, వరల్డ్ హెరిటేజ్."

"ఏమంటున్నాడు?" అంది సిత్తీ.

"ఇంత కళగా ఉన్న వీధి జెద్దాలో ఇంకోటి చూళ్ళేదంటున్నాడు సిత్తీ. ఇంటికి మరమ్మతు చేస్తారట."

హరనాథ్‌కు సైటు మీద నేర్చుకున్న అరబ్బీ కొంచెం వచ్చు. అతను బాలామణి ముఖం కేసి చూసి గొంతు తగ్గించాడు. "నేనన్నది అది కాదు కదమ్మా. ఆవిడకు తెలీదా?"

"తెలీదండి. తెలిస్తే బతకదండి. మీరేం చెప్పకండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

అతను తలూపి టేపు తీశాడు. గోడలు కొలుచుకుని, వెళ్ళేటప్పుడు సిత్తీకి సలాం చెప్పి, వచ్చీరాని అరబ్బీలో "మంచి వీధి" అన్నాడు. బాలామణికి ఏడుపొచ్చింది. కాని ఇల్లు ఖాళీ చెయ్యడం మాత్రం తప్పలేదు. ప్రపంచానికంతటికీ ఇల్లయ్యాక అందులో ఇద్దరు ఆడవాళ్ళకు చోటు లేకపోయింది.

పెద్దకొడుకు కారు సందులోకి రాదు. సిత్తీని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి రోడ్డు దాకా నెట్టుకు రావాలి. బాలామణి రాత్రంతా కునుకు తియ్యలేదు. వీధి పొడుగునా సిత్తీ ఎవరెవరిని పలకరిస్తానంటుందో, ఎవరి గుమ్మం ముందు ఆపమంటుందోనని లెక్కలు వేసుకుంటూనే ఉంది. పొద్దున్నే షేకు ఊళ్ళో లేడనీ, ఫలానా వాళ్ళు ఇంకా లేవలేదనీ అడక్కుండానే వరసబెట్టి చెప్పింది. సిత్తీ తలూపింది.

కుర్చీ గతుకుల మీద కదిలింది. వీధి సద్దు లేకుండా పడి ఉంది. ఒక చోట కుళాయి కారుతోంది, ఒక చోట ఎవరో బంగ్లా భాషలో ఫోన్ మాట్లాడుతున్నారు. సిత్తీ ఎక్కడా ఆపమనలేదు. ఎవరి పేరూ ఎత్తలేదు. అత్తరు షేకు ఇంటి ముందు మాత్రం, సరిగ్గా అక్కడే, తల అటు తిప్పి, పెదవుల్లో ఏదో చదువుకుంది. చనిపోయిన వాళ్ళ కోసం చదివేదది. బాలామణి కుర్చీ నెట్టడం ఆపేసింది.

విల్లాలో సిత్తీకి కింద గది ఇచ్చారు. చుట్టూ ఎత్తయిన ప్రహరీ. కిటికీ తెరిస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. బాలామణి సంగతి అడిగితే పెద్దకొడుకు, "అమ్మకు అలవాటయ్యే వరకు ఉండు, తర్వాత చూద్దాం" అన్నాడు. తర్వాత చూసేదేమిటో ఆమెకు తెలుసు.

సాయంత్రం అసర్ అయింది. చాయ్ పెట్టింది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి బాలామణికి చెప్పడానికి ఏమీ తోచలేదు.

"గోడే కదా?" అంది సిత్తీ.

"అవును సిత్తీ. గోడే."

"కొబ్బరీ బెల్లమూ కలిపిన మిఠాయి మా హిజాజ్ సీమలో ఏ ఇంట్లో చేస్తారే?"

బాలామణి చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"ఆ రోజే తెలిసింది. అంతకు ముందే కొంత అనుమానం. అబ్దుల్ వహాబ్ పోయిన తర్వాత ఎవరు పోతే ఏంటి? నీకు మాట్లాడ్డానికి నేను తప్ప ఎవరూ లేరు కదా, అందుకని అడుగుతూ వచ్చాను." కాసేపు చాయ్ తాగింది. "నా వీధి చాలా బాగా నడిపావు. ఇవాళ నీ వీధి చెప్పు. మీ ఊళ్ళోది. ఎవరు పోతున్నారు?"

మొన్న ఫోన్లో చెల్లెలు చెప్పింది, వీధి చివరంటా రొయ్యల చెరువులు తవ్వేశారని, తమ ఇల్లున్న చోట ఇప్పుడు నీళ్ళేనని. లేసులు అల్లిన వాళ్ళలో కొందరు పోయారు, కొందరు పిల్లల దగ్గరికి చేరారు. అమ్మ పోయినప్పుడు సెలవు దొరకలేదు. బాలామణి తెల్లగోడ కేసి చూస్తూ గొంతు సవరించుకుంది.

"సుబ్బాయమ్మ పోతోంది సిత్తీ. చంకన లేసు సంచీ. ఎండ మండిపోతోందని కొంగు నెత్తిన కప్పుకుంది."

"ఎక్కడికి పోతోంది?"

"మా ఇంటికే. తలుపు కొడుతోంది."

"మరి తీశారా ఎవరైనా?"

బాలామణి కొంగు అంచును వేలికి చుట్టుకుంది. సిత్తీ తొందర పెట్టకుండా కూర్చుంది.

"తీశారు" అంది చివరికి. "నేనే సిత్తీ. నేనే తీశాను."