చివరి పధ్నాలుగు సెకన్లు

జెర్సీ మీద పాత పేపరు పరిచి, ఆ పైన ఇస్త్రీ పెట్టె నడపాలి. లేకపోతే వెనకున్న అంకె ఊడొచ్చి పెట్టెకి అంటుకుపోతుంది. మొత్తం పన్నెండు. ఏడోది చేస్తుండగా మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బళ్ళో బట్టలన్నీ మనింటికే వస్తున్నట్టున్నాయే! పుస్తకాలు చూసుకోమని ఉద్యోగమిస్తే నువ్వు చాకిరీ వెతుక్కున్నావు."

"ఇవాళ ఫైనల్ అండీ."

"ఎవరికి, నీకా?"

నవ్వుతూనే అన్నాడు. అతను ఏదైనా నవ్వుతూనే అంటాడు. అందుకే తిరిగి ఒక్క మాటన్నా నేనే గయ్యాళినవుతాను. లోపల్నుంచి అత్తయ్య అందుకుంది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారమ్మా పెద్దలు." ఇంట్లో గెలవడమంటే ఏమిటో పదిహేడేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. ఆ ఆటకి గంట కొట్టేవాళ్ళుండరు, స్కోరు రాసేవాళ్ళుండరు. వంటగది గట్టు తుడిచిన అయిదు నిమిషాలకి ఎవరో ఒకరు తడి గ్లాసు పెడతారు, మళ్ళీ మొదటికొస్తుంది.

నేను హైస్కూల్లో లైబ్రరీ చూస్తాను. ఎనిమిదో తరగతి నుంచి కాలేజీ అయ్యేదాకా బాస్కెట్‌బాల్ ఆడాను. ఈ సంగతి మా ఆయనకి తెలియక కాదు. పెళ్ళయిన కొత్తలో స్నేహితులు ఇంటికొస్తే, "మా ఆవిడ ఒకప్పుడు బంతులాడేది, జాగ్రత్త, ఏదైనా విసిరితే గురి తప్పదు" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వి, టీ తేవడానికి లోపలికి వెళ్ళాను. పొయ్యి దగ్గర నిలబడ్డాక ఆ నవ్వు మొహం మీద నుంచి ఎంతసేపటికీ దిగలేదు. ఎవరి నవ్వో తెచ్చి నాకు అతికించినట్టుంది. ఆ తర్వాత ఆట మాట ఇంట్లో ఎత్తలేదు.

మూడేళ్ళ కింద, లైబ్రరీ కిటికీలోంచి చూస్తే కోర్టు గట్టు మీద ఎనిమిది మంది ఆడపిల్లలు వరసగా కూర్చుని కనిపించారు. ఆటల పీరియడ్ వాళ్ళదే. బంతి మాత్రం మగపిల్లల దగ్గరుంది. డ్రిల్లు మాస్టారిని అడిగితే, "వాళ్ళే ఆడం అంటారు మేడం, ఎండకి నల్లబడతారట" అన్నాడు. మర్నాడు పొద్దున్నే బడి తెరవకముందే వెళ్ళి బంతి తీశాను. మొదటిరోజు ఇద్దరొచ్చారు. ఒకతి బక్కగా, క్షణం కుదురుగా ఉండనిది. అందరూ పిచ్చుక అంటారు. రెండోది తాటిచెట్టంత ఉంటుంది, నిచ్చెన. నెల తిరిగేసరికి పన్నెండు మందయ్యారు. వాళ్ళకోసం నేను నాలుగున్నరకి లేచి, ఇంట్లో అందరి డబ్బాలూ సర్ది, ఆరుంబావుకి కోర్టులో ఉండేదాన్ని. కాగితం మీద మాత్రం జట్టు డ్రిల్లు మాస్టారిది. "మీకు ఓపికుంది కాబట్టి చేస్తున్నారు" అనేవారు హెడ్మాస్టరు. నా ఓపిక అందరికీ తెలుసు. పంపు నీళ్ళలా, తిప్పితే వస్తుందనుకుంటారు.

ఫైనల్ వేరే బడి ఇండోర్ హాల్లో. జెర్సీల సంచీ భుజాన వేసుకుని బెంచీ వైపు నడుస్తుంటే హెడ్మాస్టరు ఆపారు.

"మేడం, బెంచీ మీద పేరు రాసిచ్చినవాళ్ళే కూర్చోవాలట. మాస్టారు ఉంటారు. మీరు పైన కూర్చుని పిల్లల సంచులు కాస్త చూసుకోండి."

"పేరు ఇచ్చేటప్పుడు నాకు చెప్పలేదే?"

"దానికేముంది మేడం, ఎవరుంటే ఏంటి? అందరం ఒకటేగా."

డ్రిల్లు మాస్టారు నా వైపు చూడకుండా ఈలతాడు సరిచేసుకున్నాడు. నేను పైకెళ్ళి చివరి మెట్టు మీద, పన్నెండు సంచుల మధ్య కూర్చున్నాను. ఒక్కో సంచీలోంచీ ఒక్కో పిల్ల చెమట వాసన. చుట్టూ తల్లులు, తండ్రులు తమ పిల్లల పేర్లు పెట్టి అరుస్తున్నారు. నేను ఎవరి పేరు అరవాలి? ఒకళ్ళని పిలిస్తే పదకొండు మందికి అన్యాయం.

మొదటి సగం మా వాళ్ళు తేలిపోయారు. అవతలి జట్టులో ఒక పొడుగమ్మాయి ఉంది. బంతి పట్టుకుంటే గోడ కదిలొచ్చినట్టే. తొమ్మిది పాయింట్లు వెనకబడ్డాం. మాస్టారు "పరిగెత్తండి, పరిగెత్తండి" అని అరుస్తున్నాడు. పరిగెత్తుతూనే ఉన్నారు పాపం. విరామంలో నిచ్చెన చీలమండ పట్టుకుని కుంటుతుంటే, పట్టీ కట్టే వంకతో కిందికి వెళ్ళాను. మాస్టారు నీళ్ళు తాగడానికి అటు తిరిగాడు.

"ఆ అమ్మాయి ప్రతిసారీ కుడివైపుకే తిరుగుతోంది" అన్నాను పట్టీ బిగిస్తూ, తల ఎత్తకుండా. "ముందే వెళ్ళి అక్కడ నిలబడు. ఎత్తు నీకూ ఉంది."

తర్వాత మూడుసార్లు ఆ పొడుగమ్మాయి కుడికి తిరిగింది. మూడుసార్లూ అక్కడ నిచ్చెన ఉంది. ఆ దొరికిన బంతి పిచ్చుక చేతికొస్తే ఇక ఆపేవాళ్ళు లేరు. తొమ్మిది ఆరయింది, ఆరు మూడయింది. హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. నా మోకాళ్ళు వాటంతటవే వంగుతున్నాయి, వేళ్ళు విచ్చుకుంటున్నాయి. పక్కనున్న ఎవరి తల్లో నన్ను వింతగా చూసి కాస్త పక్కకి జరిగింది.

నలభై ఏడు, నలభై ఎనిమిది. ఒక్క పాయింటు వెనక. పధ్నాలుగు సెకన్లు. బంతి మాది. మాస్టారు టైమవుట్ తీసుకుని "నిచ్చెనకి ఇవ్వండి, నిచ్చెనకి" అంటున్నాడు. నిచ్చెన ఒంటి కాలి మీద నిలబడి ఉంది. పిచ్చుక ఆ గుంపులోంచి తల పైకెత్తి, మెట్ల మీద అంతమందిలో నన్ను వెతికింది. దొరికాను. నేను కుడిచేత్తో ఎడమ భుజం ముట్టుకున్నాను. మా పొద్దుటి ఆటలో దానికి అర్థం ఒకటే: ఎవరికీ ఇవ్వకు, నువ్వే వెళ్ళు.

ఫోను అప్పటికి మూడోసారి మోగుతోంది. మా ఆయన. పోయినేడాది ఒకసారి ఫోనెత్తలేదు, ఆ రోజే అత్తయ్య స్నానాలగదిలో జారిపడింది. "ఫోనెత్తి ఉంటే" అన్న మాట ఏడాదిగా భోజనాల బల్ల దగ్గర నాతో పాటే కూర్చుంటోంది. ఈల పడింది. నేను ఒక చెవి మూసుకుని గోడవైపు తిరిగాను.

"అత్తయ్యకేమైనా అయిందా?"

"నా గోధుమరంగు బెల్టు ఎక్కడ?"

"బీరువా తలుపు వెనక, కొక్కేనికి."

"అక్కడ నల్లదుంది."

"నల్లది ఎత్తి చూడండి. దాని కిందే ఉంటుంది."

"ఏంటా గోల? ఎక్కడున్నావ్? ఆఁ, దొరికిందిలే."

పెట్టేశాడు. నేను తిరిగేసరికి హాలు పైకప్పు ఎగిరిపోయేలా ఉంది. పిచ్చుక మీద పదకొండు మంది పడి ఉన్నారు. బోర్డు మీద మా అంకె నలభై తొమ్మిది. వల మాత్రం ఇంకా ఊగుతోంది. నేను ఆ వలనే చూశాను. మూడేళ్ళ పొద్దుటి ఆటలకి నాకు మిగిలింది అది ఊగడం.

కప్పు ఇచ్చారు. మాస్టారు మధ్యలో నిలబడ్డాడు, హెడ్మాస్టరు పక్కన చేరారు. "మేడం, కాస్త ఫొటో తీస్తారా?" తీశాను. అందరూ వచ్చారా అని హెడ్మాస్టరు అడిగితే, వచ్చారన్నాను. ఫోను నా చేతిలో ఉంది కాబట్టి నేను తప్ప అందరూ వచ్చారు.

జనం వెళ్ళిపోయాక సంచులు లెక్క చూస్తుంటే పిచ్చుక మెట్లెక్కి వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"టీచర్, చూశారా?"

చూశానంటే సరిపోయేది. పదిహేడేళ్ళుగా బాగానే ఉన్నానని, ఆకలి లేదని, నాకేం పర్లేదని ఎన్ని చెప్పలేదు? దానితో అబద్ధమాడడానికి మాత్రం నోరు రాలేదు.

"చూడలేదే. ఫోనొచ్చింది."

"మీరు భుజం ముట్టుకుంటేనే కదా నేను వెళ్ళింది!" ఆ మాటతో నాకు హాలు ఒక్కసారి మరీ ఖాళీగా కనిపించింది. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక సంచీ జిప్పు లాగాను. పిచ్చుక గిరుక్కున తిరిగి కిందికి కేకేసింది.

"ఒసేయ్, రండే! టీచర్ చూళ్ళేదంట. మళ్ళీ ఆడదాం."

నలుగురు ఎదుటి జట్టయ్యారు. ఎవరెక్కడ నిలబడ్డారో వాదులాడుకున్నారు. "మరి ఆ పొడుగమ్మాయి ఎవరే?" అంది ఒకతి. నిచ్చెన కాలు చాపి కూర్చుంది, దాని వల్ల కాదు.

"టీచరున్నారుగా" అంది పిచ్చుక.

చెప్పులు విడిచి దిగాను. అరికాళ్ళ కింద చెక్క చల్లగా తగిలింది. బుట్ట కింద నిలబడి చేతులు చాపితే, నా చేతులు ఇంత పొడుగని ఎప్పుడో మర్చిపోయినట్టనిపించింది. వాటితో ఇన్నేళ్ళూ అటక మీది డబ్బాలు దించుతున్నాను.

నిచ్చెన కూర్చున్నచోటి నుంచే ఈల వేసింది. పిచ్చుక వచ్చింది. ఒకళ్ళని దాటింది, ఇద్దర్ని దాటింది. నా దగ్గరకొచ్చి కుడికి వెళ్ళేదానిలా భుజం ఊపి ఎడమకి తిరిగింది. ఆ ఊపు దానికి నేర్పింది నేనే. పాపం, అది ఊరికే కళ్ళారా చూపిద్దామని వచ్చింది. బంతి దాని వేళ్ళు వదిలి పైకి లేచింది. ఇక్కడ పొడుగమ్మాయి ఆలస్యంగా ఎగరాలి, బంతి ఆమె వేళ్ళ మీదుగా వెళ్ళి వలలో పడాలి. జరిగింది అదే. ఇందాక పిల్లల వాదులాటలో విన్నాను.

నేను ఆలస్యం చెయ్యలేదు.

అరచేతికి బంతి ఠప్పున తగిలింది. అది ఎగిరి వెళ్ళి ఖాళీ బెంచీలకి కొట్టుకుని దొర్లింది. నేను కిందికి దిగేసరికి మడమల్లోంచి నడుందాకా జివ్వుమంది. పిచ్చుక నోరు తెరిచి నన్నే చూస్తోంది, కొత్తమనిషిని చూసినట్టు.

"టీచర్! అది పడాలి కదా!"

"పడాలంటే నా మీదుగా వెయ్యి" అన్నాను. నా గొంతు నేనే గుర్తు పట్టలేనట్టుంది. అరచెయ్యి మండుతోంది. ఇంటికెళ్ళి ఈ మంట ఎవరికి చూపిస్తాను? చూపించినా, ఇస్త్రీ పెట్టె తగిలిందా అంటారు.

తలుపు దగ్గర డ్రిల్లు మాస్టారు తొంగి చూశాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో. "మేడం, బస్సు డ్రైవరు తొందరపెడుతున్నాడు" అన్నాడు, కాస్త నెమ్మదిగా.

"ఆగమనండి మాస్టారూ."

నాకోసం ఒకళ్ళని ఆగమనడం, నాకు తెలిసి, అదే మొదటిసారి. బంతి తెచ్చి పిచ్చుక చేతిలో పెట్టి, వెనక్కి నడిచి, బుట్ట కింద మోకాళ్ళు వంచి నిలబడ్డాను.

"ఊఁ, రా."